నాలుగో అంకంలో చదివే ఉత్తరం

పెండర్‌గాస్ట్ గారు గురువారం వస్తానన్నారు.
నాన్న సంతకం ఉన్న ఉత్తరానికి రెండు డాలర్లు,
సంతకం లేనిదానికి పావలా,
అమ్మ రాసినవాటికి
"అవి మీ దగ్గరే ఉంచుకోండమ్మా" అన్నారు
టోపీ సర్దుకుంటూ, దానమిచ్చినట్టు.

యుటికాలో మంచు కిటికీ అంచు దాకా పేరుకుంది.
పొయ్యి పక్కన పెట్టె తెరిచి కూచున్నాను.
పైన నాన్నవి:
సిన్సినాటి, లూయీవిల్, మోబిల్,
ఏ ఊరు నుంచైనా అదే పాట.
హోటలువాడు కొవ్వొత్తికి వేరే లెక్క కట్టాడు,
పడవలో తడిసి రాజుగారి కిరీటం అట్ట ఉబ్బింది,
డబ్బు వచ్చే శనివారం తప్పకుండా.
"తప్పకుండా" కింద రెండు గీతలు.
గీతలకెప్పుడూ లోటు చెయ్యలేదు ఆయన.
కాగితాలు ఇంకా ఫెళఫెళలాడుతున్నాయి;
అమ్మ ఒక్కసారి చదివి పెట్టెలో వేసేది.

అడుగున అమ్మవి.
మడతల దగ్గర పీలికలై
వెనక గుడ్డ అతికించుకుని బతుకుతున్నవి.
ఎన్నిసార్లు చదువుకున్నాడో పాపం, అనుకునేదాన్ని చిన్నప్పుడు.
చదువుకున్నాడు, నిజమే.
తొమ్మిది వందల మంది ముందు.

ఆ రోజుల్లో ఉత్తరం లేని నాటకం లేదు.
నాలుగో అంకంలో దూత రొప్పుతూ వచ్చి ఇస్తాడు,
రాజు విప్పి చదివి గుండె పట్టుకుంటాడు.
కంపెనీవాళ్లు తెల్లకాగితం ఇచ్చేవారు.
తెల్లకాగితం చూస్తే నాన్నకి మాట పెగలదు.
అందుకని అమ్మ ఉత్తరం విప్పి
నోటితో "కోట కూలిపోయింది!" అని గర్జిస్తూ
కళ్లతో చదివేవాడు:
పొగగొట్టం కూలిపోయింది,
మేస్త్రీ డాలరున్నర అడుగుతున్నాడు.

ఈ సంగతి తెలిశాక అమ్మ కొంటెతనం మొదలుపెట్టింది.
"ఇక్కడ నవ్వావో, జీతం కోస్తారు" అని హెచ్చరించి మరీ
పాదిరిగారి మేక కీర్తనల పుస్తకం తిన్న వైనం రాసేది.
అంచున నాన్న పెన్సిలు:
"లూయీవిల్. నవ్వాను. ఏడ్చాననుకున్నారు. చప్పట్లు."

బొటనవేలి ముద్రలున్నాయి,
ఇటుకపొడి, పందికొవ్వు, కాల్చిన బిరడా మసి.
ముప్ఫై ఎనిమిదేళ్లయింది,
ముక్కు దగ్గర పెడితే ఇంకా నాన్నే.

చివరి ఆరూ అమ్మవి కావు.
ఆ చలికాలం అమ్మ మంచం దిగలేదు.
"ఆటలయ్యేదాకా ఆయనకి తెలియకూడదు" అంది.
నాకు పదకొండేళ్లు.
నాలుక పంటికింద పెట్టి
అమ్మ వంకర్లన్నీ దించాను:
నేను కులాసా. బెంగపెట్టుకోకు.
కోళ్లు బాగా గుడ్లు పెడుతున్నాయి.
కోళ్లని అప్పటికే మందులషాపు బాకీకి అమ్మేశాం.

నాచెజ్ నుంచి జవాబు, ఇదుగో:
"థిర్జా, ఈమధ్య నీ అక్షరాలు
మునివేళ్ల మీద నిలబడి రాసినట్టున్నాయి.
బల్ల ఎత్తు పెరిగిందా?
కోళ్లకు నా నమస్కారాలు.
నీ దగ్గర చేరిన ఆ చిన్న గుమాస్తాతో చెప్పు,
మొదట దొరికే పడవ ఎక్కుతున్నానని."
కింద ఆసహెల్ ట్రస్కాట్, పెద్ద తోకతో.
రెండు డాలర్లు.

ఎక్కాడు.
కెయిరో దగ్గర నది గడ్డకట్టి పద్దెనిమిది రోజులు ఆగాడు.
వచ్చేసరికి మార్చి.
నేల ఇంకా గునపానికి లొంగలేదు;
చర్చి వెనక రాతిగదిలో, చెక్కపెట్టెలో,
మంచు కరిగే రోజు కోసం అమ్మ కాచుకుని ఉంది.
ఆయన నన్నేమీ అడగలేదు.
నా చూపుడువేలి మీద సిరామరక
చాలాసేపు రుద్దాడు, పోతుందేమోనని.

ఆ తర్వాత పదమూడేళ్లు ఆడాడు.
ఆ రాత్రుళ్లు చేతిలో ఏ ఉత్తరం విప్పాడో
ఎవరూ నాకు చెప్పలేదు.
నా ఆరింటిలో మూడోది నాలుగు ముక్కలైంది,
చిరుగు సరిగ్గా కోళ్ల మీదుగా పోయింది.

గురువారం నాచెజ్ ఉత్తరం బయటికి తియ్యను.
మిగతావి పట్టుకుపోనీ, లెక్కపెట్టుకుని మరీ.
పొగగొట్టం మళ్లీ ఓ పక్కకి ఒరిగింది.
మేస్త్రీ ఇప్పుడు నాలుగు డాలర్లు అంటున్నాడు.